పగటి పెండ్లి

ఆ రోజుల్లో పాల్వంచ అవతల అడవి అంచు ఊళ్లలో కళావతి కుట్టిన విస్తళ్లు లేకుండా పెళ్లి జరగడం అరుదు. మాఘమాసం దగ్గర పడుతుందనగానే ఆమె మోదుగాకు తెంపుకొచ్చి, వాకిట్లో కూర్చుని చీపురు పుల్లలతో కుట్టడం మొదలుపెట్టేది. కుట్టినవాటిని బండరాళ్ల కింద అణిచి, ఆరాక కట్టలు కట్టి, పెళ్లివారింటికి తలమీద తానే మోసుకెళ్లేది. గుమ్మం దాకా వెళ్లి అక్కడ కట్టలు దించి, లోపలున్న ఎవరినైనా కేకేసి, వెనక్కి తిరిగేది. భోజనానికి ఉండమని కొందరు అడిగేవాళ్లు. "ఇంటికాడ పనున్నది" అనేది. పని ఉన్నా లేకపోయినా ఆ మాటే. భర్త పోయిన ఆడది పసుపు కొట్టే చోట నిలబడకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పించుకునేదాకా ఆమె రానివ్వలేదు.

భర్త విషజ్వరంతో పోయేనాటికి కళావతికి ముప్పై నిండలేదు. ఒక్కడే కొడుకు, వీరబాబు. కూలిపని చేసి, బీడీల తునికాకు కోసి, విస్తళ్లు కుట్టి వాణ్ని పెంచింది. వాడు పెద్దవాడై వెదురు లారీ నడిపాడు. బూర్గంపాడు వైపు నుంచి నాగలక్ష్మిని తెచ్చి పెళ్లి చేసింది. ఏడాది తిరిగిందో లేదో, వానాకాలం ఒక పొద్దున అడవి మలుపులో లారీ బోల్తా పడి వీరబాబు పోయాడు.

నాగలక్ష్మికి అప్పటికి ఇరవై రెండేళ్లు. దినాలు అయ్యాక ఆమె అన్న వచ్చి సంచి సర్దుకోమన్నాడు. సర్దుకుంది కూడా. సంచి పట్టుకుని బయటికొచ్చి, వాకిట్లో ఒక్కతే కూర్చుని ఆకు కుడుతున్న అత్తను చూసింది. చూసి, సంచి మళ్లీ లోపల పెట్టేసింది. "వాన వచ్చెటట్టున్నది, లోపటికి జరుగు అత్తమ్మా" అంది. అన్న కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ సంగతి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పదో తరగతి పాసైన కోడలు కాబట్టి, ఊళ్లో అంగన్‌వాడీ తెరిచినప్పుడు టీచరు పని ఆమెకే వచ్చింది. పొద్దున్నే పిల్లల్ని ఇళ్ల నుంచి పోగుచేసుకుని వెళ్లేది. ముక్కులు తుడిచేది, పాటలు నేర్పేది, మధ్యాహ్నం ఉడికించి పెట్టేది. ఒక ఏడు పంద్రాగస్టుకు పిల్లలచేత డాన్సు చేయించాలనుకుంది. బట్టలు లేవు. పెట్టెలోంచి తన పెళ్లిచీర తీసి, కత్తిరించి, చిన్న చిన్న పావడాలు కుట్టించింది. జెండా కింద ఆ ఎర్ర పావడాలు గిర్రున తిరుగుతుంటే జనంలో నిలబడ్డ కళావతి ఆ అంచును గుర్తుపట్టింది. ఇంటికొచ్చాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నన్నొక మాట అడగొచ్చు గద బిడ్డా."

"అడిగితే నువ్వు వద్దంటవు. పెట్టెల ఉంటే పురుగులు తింటయి అత్తమ్మా. పిల్లలన్న కట్టుకున్నరు" అంది నాగలక్ష్మి.

 ఆ రోజు నుంచి కళావతికి ఒక దిగులు పట్టుకుంది. ఈ పిల్ల తనకంటూ ఏదీ దాచుకోవడం లేదు. ఇరవైల్లోనే అన్నీ పంచిపెట్టేసి కూర్చుంది.

ప్రభాకర్ వచ్చింది 2007 ఎండాకాలం మొదట్లో. మండలంలో చెడిపోయిన చేతిపంపులు బాగుచేసే మెకానిక్కు. కల్లూరు వైపు మనిషి. మోపెడ్‌కు ఇనుప రాడ్లు కట్టుకుని, ముందు సంచిలో పానాలు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. సంబంధం చూడ్డానికి రమ్మంటే ఎక్కడో బోరింగు ఆగిపోయిందని తప్పించుకునేవాడని వాళ్లమ్మ గోల. అంగన్‌వాడీ ముందున్న బోరింగు నీళ్లు పడడం లేదంటే వచ్చాడు, బాగుచేశాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు. ఆ తర్వాత మరోసారి వచ్చి, హ్యాండిలు పట్టుకుని ఊరికే కొట్టి చూస్తున్నాడు.

అంగన్‌వాడీ గోడ నీడలో కళావతి ఆకు కుడుతూ ఇదంతా చూస్తోంది.

"ఏం బాబూ, గీ బోరింగు ఊకె ఖరాబైతదేంది?"

ప్రభాకర్ హ్యాండిలు వదిలేశాడు. "ఖరాబు కాలేదు పెద్దమ్మా. మొన్న వేసిన వాషరు గట్టిగానే ఉంది."

"మరెందుకొచ్చినవు?"

అతను లోపలికి చూశాడు. నాగలక్ష్మి పిల్లలకు చేతులు కడిగిస్తోంది. చూపు తిప్పుకుని, కళావతి ముందుకొచ్చి గొంతుకూర్చున్నాడు. "టీచరమ్మను చూసిపోదామని వచ్చా. నీకు కోపమైతే చెప్పు, ఇంక రాను. వేరే మెకానిక్కును పంపిస్తా."

కళావతి చేతిలోని పుల్ల ఆగింది. "ఆమెకు తెలుసా?"

"తెలీదు. ముందు నిన్ను అడిగి, తర్వాత అడుగుదామనుకున్నా."

"నన్నెందుకు అడగాలె? నేను దాని తల్లిని కాదు."

"ఊళ్లో అందరూ తల్లివనే అంటున్నారు" అన్నాడు ప్రభాకర్.

కళావతి పుల్ల గుచ్చి, మిగిలిన ముక్క విరిచి పారేసింది. "బోరింగుకు ఇంకేం పని లేకపోతే పో. మల్ల ఐతారం నాడు ఇంటికి రా" అంది.

ఆ సాయంత్రం నాగలక్ష్మి బియ్యంలో రాళ్లు ఏరుతుంటే కళావతి పక్కన కూర్చుని సంగతంతా చెప్పింది. దాపరికం లేకుండా, అతను ఎట్లా అన్నాడో అట్లాగే చెప్పింది. నాగలక్ష్మి చేట మీంచి తల ఎత్తలేదు.

"నన్ను పంపేద్దామనుకుంటున్నవా?"

"పంపనీకె కాదు నాగా. నేను ఎన్నేండ్లుంట? నేను పోయినంక నువ్వు గిట్లనే ఒక్కదానివి చేట ముంగట కూసుంటవా?"

"నువ్వు కూసోలేదా?"

"కూసున్న. అందుకే చెప్తున్న."

నాగలక్ష్మి ఏరిన రాళ్లు వాకిట్లోకి విసిరి, "నిన్నిడిసి నేనెక్కడికి పోత అత్తమ్మా" అంది.

"ఎక్కడికీ పోవద్దు. బోరింగులు అన్ని ఊర్లల్ల ఉన్నయి. ఆయన్నే ఈడుండమందాం."

నాగలక్ష్మి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆమె ఒప్పుకోవడానికి ఎండాకాలం సగం గడిచింది. ప్రభాకర్ ఆదివారాలు వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని కళావతి ముందే మాట్లాడుకునేవాళ్లు. ఎక్కువగా బోరింగుల గురించి, పిల్లల గురించి. ఒకరోజు నాగలక్ష్మి ఉన్నట్టుండి అడిగింది: "నాకు వీరబాబు యాదికొస్తడు. పెండ్లయినంక గూడ వస్తడు. అప్పుడేం చేస్తవు?"

"వస్తే చెప్పు. వింటా" అన్నాడు ప్రభాకర్.

ఆ మాటకే ఆమె ఒప్పుకుందని కళావతి తర్వాత అందరికీ చెప్పేది.

కల్లూరు నుంచి ప్రభాకర్ తల్లి రాంబాయమ్మ వచ్చింది. తెల్లగా, లావుగా, నొసట రూపాయంత బొట్టుతో, మాట మీద మాట పడనివ్వని మనిషి. కాబోయే కోడల్ని చూసి మెచ్చుకుంది, అంగన్‌వాడీ చూసి మెచ్చుకుంది, కళావతి చేసిన నాటుకోడి పులుసు మెచ్చుకుంది. చేయి కడుక్కున్నాక అసలు మాట చెప్పింది.

"పిల్ల బంగారం వదినా. నాకేం కాదనేది లేదు. కాకపోతే మా వాళ్లలో మారుమనువుకు ఒక పద్ధతి ఉంది. పొద్దుగూకాక, నలుగురు పెద్దోళ్ల మధ్య, పందిరి లేకుండా, డప్పు లేకుండా చీర పెట్టి తీసుకుపోతాం. ముత్తైదువలు చూడరు. తెల్లారేసరికి పిల్ల మా ఇంట్లో ఉంటుంది."

 ప్రభాకర్ ఏదో అనబోయాడు. కళావతి చెయ్యెత్తి ఆపింది.

"నా కొడుకును పట్టపగలు కాటికి తీస్కపోయిన్రు వదినె" అంది. గొంతు పెంచలేదు. "ఊరంతా చూసింది. ఈ పిల్ల గాజులు పగలగొడితే అందరు నిలబడి చూసిన్రు. అప్పుడు ఎవ్వరు చీకటి పడనియ్యలె. ఇప్పుడు దానికి మంచి జరుగుతుంటే చీకట్ల ఎందుకు జేయాలె? నా బిడ్డ పెండ్లి పగటిపూట జరగాలె."

రాంబాయమ్మ ముఖం ఎర్రబడింది. కానీ కోపంతో కాదు. కొంగుతో మూతి తుడుచుకుంది. ఆ తర్వాత మాట మెత్తబడింది. "నాకు భయం వదినా. పద్ధతి తప్పితే వాడికేమన్నా అవుద్దేమోనని భయం. నాకు ఒక్కడే కొడుకు."

"నాకు గూడ ఒక్కడే ఉండె" అంది కళావతి.

రాంబాయమ్మ తల దించుకుంది. కళావతి ఆమె దగ్గరికి జరిగింది. "నీ కొడుకు సల్లగుండాలని నీకెంత ఉన్నదో నాకూ అంతే ఉన్నది. ఈ పోరి ఇంకోపారి అట్ల కూసుంటె చూసే ధైర్యం నాకు లేదు. నువ్వు మొక్కు, నేను గూడ మొక్కుత. కానీ చీకట్లోనైతె వద్దు."

 వెళ్లేటప్పుడు రాంబాయమ్మ, "మరి మంత్రాలు చదివే అయ్యగారు రాడు కదా ఇట్లాంటి పెళ్లికి, ఎట్లా చేస్తారు?" అని మాత్రం అడిగింది.

దానికి జవాబు ప్రభాకర్ దగ్గర ఉంది. దండల పెళ్లి. ఖమ్మం జిల్లాలో అది కొత్త కాదు. యూనియన్లలో తిరిగినవాళ్లు, చదువుకున్న పిల్లలు అట్లా చేసుకునేవాళ్లు. మంత్రం ఉండదు, ముహూర్తం ఉండదు. పదిమంది ముందు దండలు మార్చుకుని, ఒక మాట చెప్పుకుని, తర్వాత రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెడతారు. కొత్తగూడెం గనిలో పనిచేసి రిటైరైన పగిడయ్య అట్లాంటి పెళ్లిళ్లకు పెద్దమనిషిగా ఉండేవాడు. అతను వస్తానన్నాడు. వేసవి సెలవులు కాబట్టి బడి వరండా ఖాళీగా ఉంది. దాని ముందు నేరేడు కొమ్మలతో పందిరి వేద్దామనుకున్నారు. రోజు ఆదివారం; అందరికీ తీరిక కాబట్టి. ఎండ ముదరకముందే అయిపోవాలి కాబట్టి పొద్దున్నే.

"మంచి రోజు చూడకుంటనా?" అని కళావతికి లోపల కొంచెం పీకింది. పంచాంగం తెలిసినవాణ్ని ఒకణ్ని చాటుగా అడిగింది కూడా. అతను ఆ ఆదివారం ఫర్వాలేదన్నాడు. ఆ సంగతి ప్రభాకర్‌కు చెప్పలేదు.

పుస్తె దగ్గర మళ్లీ చిక్కొచ్చింది. నాగలక్ష్మి వద్దంది. "కట్టించుకోనీకె నాకేం బాధ లేదు. తీసేటప్పుడు ఎట్లుంటదో తెలిసినదాన్ని. మల్ల మెడల వేసుకుంటే రోజూ గదే భయమైతది." ప్రభాకర్ సరేనన్నాడు. ఈ కబురు విన్న రాంబాయమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. తర్వాత ఒక చిన్న నల్లపూసల దండ పంపింది. "మెడలో వేసుకుంటే వేసుకో, పెట్టెలో పెట్టుకుంటే పెట్టుకో, నేనడగను" అని కబురు.

ఇక మిగిలింది చీర.

అత్తాకోడళ్లు బస్సెక్కి కొత్తగూడెం వెళ్లారు. కళావతి మనసులో చీర ఎప్పుడో ఖాయమైపోయింది. మామిడిపండు పసుపు, ఎర్ర అంచు, అరచేతి వెడల్పు జరీ. బట్టల దుకాణంలో పరుపు మీద కూర్చోబెట్టి, సేటు చల్లటి నీళ్లు తెప్పించాడు. "పెండ్లి ఎవరికమ్మా, బిడ్డకా?" అన్నాడు.

"అవ్, బిడ్డకే" అంది కళావతి.

పట్టుచీరలు ఒకదాని మీద ఒకటి దిగాయి. పసుపు, ఎరుపు, కుంకుమ రంగు. నాగలక్ష్మి దేన్నీ ముట్టుకోలేదు. మాటల్లో ఎక్కడో అత్తమ్మ అని పిలిచింది. సేటు ఇద్దరి ముఖాలూ, కళావతి బోసి నొసలూ చూశాడు. ఇది రెండో పెళ్లని అర్థం చేసుకున్నాడు. చెడ్డవాడు కాదు, తనకు తెలిసిన మర్యాద చేశాడు. పట్టుచీరలు మెల్లగా వెనక్కి జరిపి, గంధం రంగు, బూడిద రంగు, లేత నీలం చీరలు ముందుకు తెప్పించాడు. "ఇవి మీకు బాగుంటయమ్మా, మర్యాదగ ఉంటయి."

కళావతి నీళ్ల గ్లాసు పక్కకు పెట్టింది. "సేటూ, ముందు తీసినయి అట్లనే ఉంచు. అమ్మాయి చూస్తది" అంది. సేటు అన్నీ మళ్లీ పరిచాడు.

"నీకేది కావాల్నో చెప్పు నాగా."

నాగలక్ష్మి చీరల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు ఏ రంగంటే ఇష్టమో నాకే తెల్వదు అత్తమ్మా" అంది మెల్లగా. "చిన్నప్పుడు అన్నకు కుట్టంగ మిగిలిన గుడ్డ నాకు కుట్టేవాళ్లు. పెండ్లికి పెద్దోళ్లు తెచ్చింది కట్టుకున్న. నన్ను ఎవ్వరు అడగలె."

 ఆ ఎర్ర చీర తెచ్చిన పెద్దవాళ్లలో కళావతీ ఉంది. మామిడిపండు పసుపు ఆమె నోట్లోనే ఆగిపోయింది. "పోనీలే. ఇప్పుడే తెలుసుకుందాం. బస్సు లేటుగనే ఉన్నది" అంది.

చాలాసేపు కూర్చున్నారు. నాగలక్ష్మి మొదట చూపుతో వెతికింది, తర్వాత చేతితో. పట్టు వదిలేసి లేచి, అరల దగ్గరికి వెళ్లి, మడతల అంచులు తాకుతూ నడిచింది. ఒకచోట ఆగింది. వంకాయ రంగు నేత చీర. సన్నటి చిలకపచ్చ అంచు. బయటికి లాగి, మడత విప్పి, వెలుతురులో పట్టుకుంది. ముఖం మీద ఆ రంగు నీడ పడింది.

"అది పెండ్లి చీర కాదమ్మా, రోజూ కట్టుకునేది" అన్నాడు సేటు.

"పెండ్లికి కట్టుకుంటే పెండ్లి చీరే" అంది కళావతి. ఆమెకు ఆ రంగు ఏ మాత్రం నచ్చలేదు. కానీ కోడలి ముఖం నచ్చింది.

చీర మడత పెట్టించాక నాగలక్ష్మి కదల్లేదు. "ఇప్పుడు నీకు."

"నాకెందుకే?"

"ఆరోజు నా పక్కన నిలబడేది నువ్వే. దండ చేతికిచ్చేది నువ్వే. ఈ వెలిసిన చీర కట్టుకుని నిలబడితే నేను ఈ చీర కట్టను. ఇంట్ల ఉన్న పాతదే కట్టుకుంట."

కళావతి సేటు వైపు చూసి, సిగ్గుపడి, గొంతు తగ్గించింది. "నలుగురు నవ్వుతరు బిడ్డా. ముసల్దానికి ముచ్చటేందంటరు."

"నువ్వేమన్నవు? నా బిడ్డ పెండ్లి పగటిపూట జరగాలెనన్నవు. పగటిపూట అందరు చూసేది నన్నొక్కదాన్నేనా?"

ఆ రోజు వాళ్లు రెండు చీరలతో బయటికొచ్చారు. కళావతిది ఆకుపచ్చ చీర, దానికి ఆవపిండి రంగు అంచు. తాను ఎంచుకోలేదు. సేటు చూపించిన నాలుగింటిలో ఒకదాని మీద ఆమె చేయి ఎక్కువసేపు ఆగింది. అది గమనించి నాగలక్ష్మే దాన్ని పొట్లం కట్టించింది.

రవికలు కుట్టింది అమీరున్నీసా. పాల్వంచ బస్టాండు వెనక గల్లీలో ఆమె కుట్టుమిషను. అంగన్‌వాడీ పిల్లల పావడాలు కుట్టింది కూడా ఆమే. నాగలక్ష్మి కొలతలు ఆమెకు తెలుసు. కళావతిని నిలబెట్టి టేపు తీసింది.

"పాత రవిక ఇస్త, దాని లెక్క కుట్టు" అంది కళావతి, వెనక్కి తగ్గుతూ.

"ఆ పాత రవిక నేను చూస్తనే ఉన్న అక్కా. అది నీది కాదు, ఇంకెవరిదో తొడుక్కున్నట్టున్నది. చేతులెత్తు."

కళావతి చేతులెత్తింది. అమీరున్నీసా వేళ్లు ఆమె వీపు మీదా, భుజాల మీదా మెత్తగా కదిలాయి. ఎన్నేళ్ల తర్వాతో ఒక మనిషి తన ఒంటిని ఇంత శ్రద్ధగా చూస్తోంది. కళావతి కళ్లు మూసుకుంది.

"నొప్పా అక్కా?"

"లేదమ్మా. కానియ్."

అమీరున్నీసాకు అర్థమైందేమో, ఒకసారి కొలిచిన భుజాన్నే తీరిగ్గా మళ్లీ కొలిచింది. "మా ఆయన పోయినప్పుడు మా అమ్మ ఒక్కటే చెప్పింది. ఇద్దత్ మైల రోజులు అయిపోయినంక మంచి బట్ట కట్టుకో బేటీ, అల్లా నిన్ను గూడ బతికించిండు గద అని" అంది. తర్వాత సుద్దముక్క చేతిలోకి తీసుకుని, గుడ్డ పరుచుకుంది.

పెళ్లిరోజు పొద్దున నేరేడు పందిరి కింద ఊళ్లో సగం మంది చేరారు. మిగతా సగంలో కొందరు కోపంతో రాలేదు, కొందరు గోడల మీంచి చూశారు. ప్రభాకర్ తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఎంత రుద్దినా గోళ్లలో గ్రీజు పోలేదని సిగ్గుపడుతున్నాడు. పాల్వంచ నుంచి మల్లెలు, గులాబీలు కట్టిన దండలు తడిగుడ్డలో చుట్టి తెచ్చారు.

నాగలక్ష్మి వంకాయ రంగు చీర కట్టుకుంది. జడలో మల్లెలు పెట్టుకుంది. చేతులకు ఆకుపచ్చ గాజులు వేసుకుంది. మెడ బోసిగానే ఉంది. బడి గదిలో తయారై వరండాలోకి వచ్చేసరికి అక్కడున్న ఆడవాళ్లు మాటలాపి చూశారు. ఆ రంగు ఆమెకోసమే పుట్టినట్టుంది. కళావతి కూడా అప్పుడే ఒప్పుకుంది, మామిడిపండు పసుపు కంటే ఇదే నయమని.

కానీ కళావతి ఆ గది దాటి రాలేదు. ఆకుపచ్చ చీర కట్టుకుంది, రవిక ఒంటికి అతికినట్టుంది. గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇన్నేళ్లుగా పెళ్లిపందిరి వైపు వెళ్లని కాళ్లు. బయట సగం ఊరుంది.

రాంబాయమ్మ వెతుక్కుంటూ లోపలికి వచ్చింది. ఆమెను చూసి నిలబడిపోయింది. పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత తన రొంటినున్న కుంకుమ భరిణె తీసింది.  ముత్తైదువలు చూడకూడదన్న మనిషి, తన కుంకుమ ఇంకో ఆడదాని నొసట పెట్టడానికి వేలు ముంచింది.

కళావతి ఆ చేతిని పట్టుకుంది, మెత్తగా. "చీర చాలు వదినె. చీర ఆ పిల్ల కోసం కట్టుకున్న. బొట్టు మాత్రం వద్దు. అది ఆయనతోని పోయింది, పోనీ. నాకు లోటేం లేదు."

రాంబాయమ్మ ఆమె కళ్లలోకి చూసి తలూపింది. భరిణె మూసి రొంటిన దోపుకుంది. ఆ కుంకుమ అంటిన వేలితోనే కళావతి చేయి పట్టుకుని, "అయితే రా. నువ్వు రాకుండా వాళ్లు దండలు ముట్టుకోరంట" అంది. ఇద్దరూ కలిసి బయటికి నడిచారు. ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో ఒక ముసలామె, "ఆ చీర ఎక్కడ తీసుకున్నవే కళావతీ" అని అడిగింది. అంతే.

పగిడయ్య పెద్ద ఉపన్యాసం ఇస్తాడని అందరూ భయపడ్డారు. ఎండ చూసి అతను తగ్గించుకున్నాడు. "వీళ్లిద్దరు ఒకరినొకరు అడిగి ఒప్పుకున్నరు. ఆ తర్వాత ఇద్దరు తల్లులు ఒప్పుకున్నరు. మనం సాక్ష్యానికి వచ్చినం. ఇగ దండలు ఇయ్యండి" అన్నాడు. రాంబాయమ్మ కొడుక్కి దండ అందించింది. కళావతి నాగలక్ష్మికి అందించింది. నాగలక్ష్మి దండ తీసుకుని, ప్రభాకర్ వైపు తిరగబోయి ఆగి, వంగి కళావతి పాదాలు తాకింది. లేచాక ఇద్దరి ముఖాలూ ఒకటే తీరుగా తడిసి ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. అంగన్‌వాడీలో నేర్చుకున్న పాట ఒకటి ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు.

ఆ పెళ్లి తర్వాత ఏ అరిష్టమూ జరగలేదు. రాంబాయమ్మ మాత్రం ఏడాదిపాటు ప్రతి మంగళవారం ముత్యాలమ్మకు మొక్కుతూనే ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టొచ్చిన రోజున నాగలక్ష్మి నల్లపూసల దండ పెట్టెలోంచి తీసి వేసుకుంది. ఎందుకని ప్రభాకర్ అడగలేదు. రాంబాయమ్మకు ఫోను చేసి చెప్పింది. 

ప్రభాకర్ ఆ ఊళ్లోనే ఉండిపోయాడు. కళావతి ఇంటికి ఆనుకుని ఒక గది వేశారు. కళావతి పాత గదిలోనే పడుకుంటానంది, పొయ్యి మాత్రం ఒకటే. ఆకుపచ్చ చీర ఆమె దాచలేదు. సంతకు కట్టుకుంది, భద్రాచలం వెళ్లి గోదావరిలో మునిగినప్పుడు కట్టుకుంది. ఇప్పుడు పెళ్లివాళ్లు పిలిస్తే గుమ్మం దగ్గర ఆగకుండా లోపలికి వెళ్తుంది. పిలవకపోతే వెళ్లదు. ఎవరి మీదా నిష్ఠూరం పెట్టుకోదు.

రెండో ఏడు నాగలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మాటలొచ్చే వేళకు ఇంట్లో చర్చ మొదలైంది. రాంబాయమ్మ నానమ్మ. మరి కళావతి ఏమవుతుంది? అత్తగారైతే నానమ్మ కావాలి, తల్లైతే అమ్మమ్మ కావాలి. రాంబాయమ్మ కల్లూరు నుంచి వచ్చినప్పుడల్లా పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని కళావతి వైపు చూపించి, "అమ్మమ్మ, అమ్మమ్మ" అని నేర్పేది. నాగలక్ష్మి "నీ ఇష్టమొచ్చినట్టు పిలువు తల్లీ" అని వదిలేసింది. కళావతి మాత్రం ఏదీ చెప్పకుండా చూస్తూ కూర్చునేది.

ఒక పొద్దున పిల్ల పాకుతూ వాకిట్లోకి వచ్చి, ఆకు కట్టల మీద పడి, వాటిని పట్టుకుని నిలబడింది. అటూ ఇటూ చూసి, కళావతి కొంగు పట్టుకుని లాగుతూ, "నాగా" అంది. ఇంట్లో రోజంతా కళావతి నోట వినేది అదే పేరు కాబట్టి, అదే కళావతి పేరనుకుంది పిల్ల.

"నేను నాగను కాదే, మీ అమ్మ నాగ" అంది కళావతి. పిల్ల వినలేదు. నాలుగేళ్లొచ్చేదాకా అట్లాగే పిలిచింది.